మొలకలు వెచ్చగానే ఉన్నాయి

మంగళవారం మధ్యాహ్నం నా భార్య చనిపోయింది. ఇది రాస్తున్నది బుధవారం సాయంత్రం. ఏం జరిగిందో నాకింకా సరిగ్గా అందడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజు పొద్దున ఆమె నాకంటే ముందే లేచింది. టీ తాగక ముందే పెరట్లోని సిమెంటు తొట్టి దగ్గరికి వెళ్లింది. ముందు రోజు సాయంత్రం విత్తనపు వడ్లు సంచిలో పోసి, మూతి కట్టి, ఆ తొట్టి నీళ్లలో నానేసింది. సంచి మూతి విప్పి, ఒక గింజ తీసి పంటితో కొరికింది.

"ఇంకా గట్టిగా ఉండాది. సాయంత్రం ఎత్తి మండె కడదాం. నువ్వు యాడికీ పోబాక, నేనొక్కదాన్నే ఎత్తలేను" అంది.

"పిల్లి బరువు కూడా లేదు గదే ఆ సంచి" అన్నాను.

"పిల్లినైనా రెండు చేతులతోనే గదయ్యా ఎత్తేది?"

మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర, చారు. ఇద్దరం తిన్నాం. ఆమె పెరటి మెట్టు మీద కూర్చుని చింతపండులో ఈనెలు తీస్తోంది. నేను లోపల పేపరు చూస్తున్నాను.

"ఏమయ్యా, కళ్లు తిరగతా ఉండాయి. కాసిని మంచినీళ్లు ఇయ్యి."

మామూలు గొంతే. చెంబుతో నీళ్లు ముంచుకుని వెళ్లాను. గోడకు తల ఆనించి ఉంది. చింతపండు ఒళ్లో ఉంది. పిలిచాను. పలకలేదు. చెయ్యి తిప్పి నుదుటి మీద వేసి చూశాను. వెచ్చగా ఉంది. నిద్రపట్టిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పక్కింటి అతను ఆటో తెచ్చాడు. నెల్లూరు చేరక ముందే పోయిందని ఆస్పత్రిలో చెప్పారు. గుండె అన్నారు. ఆమెకు ఏ జబ్బూ లేదు, అరవై నిండలేదు. డాక్టరు నా చేతిలోకి చూసి, "అది అక్కడ పెట్టండి" అన్నారు. చూసుకుంటే నీళ్ల చెంబు. ఆటో ఎక్కినప్పుడు కింద పెట్టడం మరిచిపోయాను. అంత దూరమూ చేతిలోనే ఉంది.

మా ఊరు వెంకటాచలం దగ్గర. నేను నెల్లూరులో డిగ్రీ చదివి, తిరిగి వచ్చి సేద్యంలోనే ఉన్నవాణ్ణి. ఆమెది ముత్తుకూరు వైపు, సముద్రం గాలి తగిలే ఊరు. పెళ్లయిన కొత్తలో మా ఇంట్లో రాత్రి నిద్రపట్టడం లేదనేది. కారణం అడిగితే, "మీ ఊళ్లో గాలికి చప్పుడే లేదు" అని చెప్పింది.

ఆమె చెప్పే చిన్ననాటి కథలన్నీ కాలాన్ని బట్టి ఉండేవి. ఎండలు ముదిరితే, కాలువ కట్టేసిన రోజుల కథ. నీళ్లు ఆగిపోయి గుంటల్లో చేపలు మిగిలితే, అక్కాచెల్లెళ్లిద్దరూ లంగాలు దోపుకుని దిగేవాళ్లు. చెల్లెలు, అంటే ఈమె, తరిమితే అక్క పట్టేది. చేపలన్నీ అక్క బుట్టలో, బురదంతా చెల్లెలి మొహాన. వానలు పట్టగానే గెనుసుగడ్డల కథ వచ్చేది. పొయ్యి బూడిదలో కాల్చిన గడ్డను వాళ్ల నాయన రెండుగా విరిచి, ముందు వాసన చూడమని ఇచ్చేవాడట. నారు పోసే హస్త కార్తె వచ్చేసరికి విత్తనం కథ. అన్నింటికంటే అది ఎక్కువసార్లు విన్నాను.

నానిన వడ్లను నీళ్లలోంచి తీసి, సంచిలోనే ఉంచి, మీద గడ్డి కప్పి వేడి పుట్టిస్తాం. దాన్నే మండె కట్టడమంటాం. వేడి చాలకపోతే మొలక రాదు. ఎక్కువైతే వడ్లు ఉడికి కుళ్లిపోతాయి. వాళ్ల నాయన ఆ వేడి చూసే పని చిన్నకూతురికి ఇచ్చాడు. ఆమె చెయ్యి సన్నం. గడ్డి చెదరకుండా లోపలికి పోయేది. వాళ్లమ్మ పిల్లలకు జ్వరం చూసినట్టే, చెయ్యి తిప్పి వెనకవైపుతో చూడమని నేర్పింది. "ఒళ్లు వెచ్చగా ఉండాలి గానీ జ్వరం ఉండకూడదు నాయనా" అని తిరిగి వాళ్ల నాయనకే చెప్పేదట, ఆరేళ్ల పిల్ల. జ్వరం వస్తే గడ్డి మీద నీళ్లు చిలకరించేవాళ్లు.

మా ఇంట్లో కూడా అంతే. మండె కట్టిన రోజున పెరట్లో ఎవరినీ అరవనిచ్చేది కాదు. "విత్తనం నిద్ర లేస్తా ఉంది, మెల్లిగా మాట్లాడండి" అనేది. మా అమ్మాయి చిన్నప్పుడు అది నిజమనుకుని మునివేళ్ల మీద నడిచేది. చలి వచ్చినా, వాన వచ్చినా మా ఇద్దరి నుదుళ్లూ ఆ చెయ్యి తిప్పే చూసేది. ఆఖరున నేను ఆమె నుదురు చూసింది కూడా అట్లాగే. వేరే పద్ధతి నాకు రాదు.

ఈ వడ్లు మొలగొలుకులు. నెల్లూరు పేరు చెబితే ఒకప్పుడు అందరికీ గుర్తొచ్చిన బియ్యం. ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరూ వెయ్యడం లేదు. పంటకాలం ఎక్కువ, దిగుబడి తక్కువ, మనిషెత్తు పెరిగి గాలికి పడిపోతుంది. మా పొలమంతా కొత్త రకాలే. పెరటి వెనక చిన్న మడిలో, మా మాటలో కయ్యలో, మాత్రం ఆమె ఏటా ఇవే వేసేది.

ఇవి వాళ్ల నాయన తెచ్చి ఇచ్చినవి. ఆయన పొలం చుట్టూ రొయ్యల గుంటలు వచ్చాయి. రెండు మూడేళ్లకు ఆయన కయ్యల్లోకీ ఉప్పు ఊరింది. నారు పోస్తే ఎర్రబడి చచ్చేది. ఆయన ఇంట్లో దాచిన విత్తనం సంచిలో పోసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని మా ఊరు వచ్చాడు. వాకిట్లో నిలబడే చెప్పాడు: "అమ్మణ్ణీ, నా నేల ఉప్పెక్కింది. నీది ఇంకా తియ్యగా ఉండాది. వీటిని నీ దగ్గిర పెట్టుకో." మరుసటి ఏడు ఆయన లేడు.

కోతకు ముందు గాలివాన వచ్చి పైరు పడిపోతే, ఆమె వెళ్లి నాలుగేసి దుబ్బులు కలిపి లేపి కట్టేది. ఒకసారి గట్టు మీద నిలబడి, "ఎందుకే ఈ తిప్పలు? ముట్టుకుంటే పడిపోతా ఉంది" అన్నాను.

"నువ్వు పడిపోలా? నిన్ను ఏటా లేపతా ఉండా గదా" అంది. కూలికి వచ్చిన ఆడవాళ్లు నవ్వారు. వాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే ఆ మాటే అంటారు. నిన్న వచ్చారు. ఆ మాట ఎవరూ అనలేదు.

పోయినేడు తుఫానుకు ఆ కయ్య మొత్తం మునిగింది. ఆమె నీళ్లలో నుంచి ఏరి తెచ్చి ఆరబెట్టినవి ఒక సంచి అడుగుకు వచ్చాయి. ఎప్పుడూ కొన్ని వడ్లు వెనక ఉంచి తక్కినవి నానేసేది. ఈసారి ఉంచితే నారు చాలదని అన్నీ నానేసింది. ఆ తొట్టిలో ఉన్నవే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

మంగళవారం సాయంత్రం ఆమెను తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. ఇల్లు నిండిపోయింది. మావైపు చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్లు ఉంచరు. ఆడవాళ్లు బిందెలు, బకెట్లు, కుండలు, అన్నీ పారబోశారు. పెరట్లో తొట్టికి పెట్టిన గుడ్డ బిరడా కూడా ఎవరో లాగేశారు. షామియానా వేసేవాళ్లు గుంజ పాతడానికి అడ్డమని గడ్డివామిలో కొంత పీకి, చేతికి దగ్గరగా ఉన్న తొట్టిలో పడేశారు. అందులో విత్తనం ఉందని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు, కానీ నాకేమీ గుర్తు లేదు.

బుధవారం పొద్దున దహనం. "ముత్తైదువుగా పోయింది, అదృష్టవంతురాలు" అని చాలామంది నా చెయ్యి పట్టుకుని చెప్పారు. మంచి మనసుతోనే చెప్పారు. నేను తల ఊపాను.

ఇంటికొచ్చి స్నానం చేసి పెరట్లోకి వెళ్లాను. పొద్దుటి నుంచి ఆమెను నాలుగైదుసార్లు పిలిచి ఉంటాను, అప్పుడూ పిలిచాను. తొట్టి నిండా గడ్డి. ఎవరు వేశారో అనుకుంటూ తీయబోయి, వడ్లు గుర్తొచ్చి ఆగిపోయాను. చెయ్యి తిప్పి గడ్డి కిందికి పోనిచ్చాను.

వెచ్చగా ఉన్నాయి.

మంగళవారం సాయంత్రం మేమిద్దరం చెయ్యాల్సిన పని అది. నీళ్లు తీసెయ్యాలి, గడ్డి కప్పాలి. ఎవరూ అనుకోకుండానే రెండూ జరిగిపోయాయి. నేను తొట్టి అంచు మీద కూర్చున్నాను. చెయ్యి బయటికి తియ్యాలనిపించలేదు.

మా వదిన వచ్చింది. నా భార్య అక్క, కాలువలో చేపలు పట్టిన అక్క.

"అబ్బయ్యా, ఏం జేస్తా ఉండావు ఆడ?"

చెప్పాను.

"తియ్యి చెయ్యి! మైల్లో విత్తనం ముట్టుకుంటారా ఎవరైనా?"

మా అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. "పెద్దమ్మా, రేపు చల్లకపోతే మొలకలు పాడయిపోతాయి. మళ్లీ తెద్దామంటే ఈ వడ్లు యాడా దొరకవు."

"పెద్దదినం అయి మైల తీరినాక చల్లుకోండి."

"అందాకా బతకవు పెద్దమ్మా."

"అయితే ఎవురికన్నా ఇయ్యండి. వాళ్ల మళ్లో చల్లుకుంటారు."

పక్కింటి అతన్ని పిలిచి అడిగాను. మంగళవారం ఆటో తెచ్చింది, పొద్దున పాడె మోసింది అతనే. తల వంచుకున్నాడు. "ఏమనుకోబాక అన్నా. ఇంకేదన్నా చెప్పు, చేస్తా. మైల ఇంటి మొలకలు నా కయ్యలో ఎట్టా చల్లేది? మా అమ్మ ఊరుకోదు." అతని మీద నాకు కోపం లేదు. పోయినేడు నేనైనా అదే మాట చెప్పేవాణ్ణి.

"నేను చల్లుతాను వదినా" అన్నాను.

"చల్లినా మొలవదు. మైల చేత్తో చల్లింది మొలవదని మా నాయనే చెప్పేవాడు."

"ఎండబెడితే మొలుస్తాదా?"

వదిన లోపలికి పోయింది. మా అమ్మాయి నా పక్కన కూర్చుంది. "ఊరికే కూర్చోబాక నాన్నా. అమ్మ గురించి నాలుగు మాటలు రాయి. పెద్దదినం కార్డు వెనక వేయిద్దాం" అని కాగితాలు తెచ్చి ఇచ్చింది. అట్లా ఇది మొదలుపెట్టాను. నాలుగు మాటలు దాటిపోయాయి. కార్డు వెనక పట్టదు, విడిగా అచ్చు వేయించి పంచాలి.

ఇప్పుడు పొద్దుగూకుతోంది. కాసేపటి క్రితం పెరట్లో గడ్డి కదిలిన చప్పుడైంది. కోడి గెలుకుతోందేమో అని లేచి చూశాను. మా వదిన తొట్టి మీదికి వంగి ఉంది. కొంగు దోపుకుని, చెయ్యి తిప్పి, గడ్డి కిందికి మోచేతి దాకా పెట్టింది. కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి అంతసేపు అక్కడ ఎందుకుందో నాకు తెలుసు. నేను కదల్లేదు.

తర్వాత నా వైపు చూడకుండానే అంది: "జ్వరం వస్తా ఉండాది. నీళ్లు తే."

చెంబుతో నీళ్లు తెచ్చాను. ఈసారి ఒక మనిషి ఆ చెంబు నా చేతిలోంచి అందుకుంది. గడ్డి మీద చిలకరించింది. అటూ ఇటూ తిప్పి కప్పింది.

"చల్లబాక అనే అంటాను నేను. ఎవరడిగినా అదే చెబతాను" అంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తుడుచుకున్న చేతినే మొహానికి ఆనించుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మళ్లో నీళ్లు పలచన చేసుకో. అది ఎనక్కి నడస్తా చల్లేది, అడుగులు పడకుండా. తెలుసు గదా?"

తెలుసు. ఏటా బుట్ట పట్టుకుని పక్కన నడిచింది నేనే. ఆమె వెనక్కి చూడకుండా నడిచేది. గట్టు దగ్గర పడితే నేను "ఆగు" అనాలి. ఆ ఒక్క మాటే నా పని.

పెరటి వెనక నారుమడి ఆదివారమే నీళ్లు పెట్టి దమ్ము చేశాం. బురద మీద చెక్క లాగి చదును చేసింది ఆమే. ఇప్పుడే చూసి వచ్చాను. ఒక మూల కొంగ అడుగులు తప్ప అంతా ఆమె వదిలినట్టే ఉంది.

పెద్దదినానికి వచ్చి ఇది చదివేవాళ్లు, భోజనాలయ్యాక ఒకసారి పెరటి వెనక్కి వెళ్లి చూడండి. అప్పటికి నారు పచ్చబడి ఉండాలి. ఉంటుందో లేదో ఇది రాస్తున్న నాకు తెలియదు.

రేపు మూడో రోజు. శ్మశానంలో పాలు పొయ్యాలి. అందరూ ఎనిమిదింటికి బయలుదేరదామన్నారు. నేను పొద్దున్నే లేచి గడ్డి తీస్తాను. మొలకలు బుట్టలోకి ఎత్తుకుని, బుట్ట ఎడమ చంకన పెట్టుకుని, ఆమె చదును చేసిన మడిలో దిగి, వెనక్కి నడుస్తూ చల్లుతాను. గట్టు తగిలినప్పుడు ఆగుతాను. ఆ బురద కాళ్లతోనే పాలచెంబు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్తాను.