తప్పు ఎవరిది?

కోపమొస్తే డాక్టర్ హైమావతి కళ్లద్దాలను మణికట్టుతో పైకి తోస్తుంది. గోపన్‌పల్లి ఆస్పత్రి బ్రాంచిలో, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలు చేసే ఆమె, పేగులో ప్రతి మడత వెనకా చూడనిదే గొట్టం బయటికి తీయదు. ఆ రోజు మీటింగులో మేనేజరు మధుకర్ తెర మీద ర్యాంకులు చూపించాడు. పేగులో గడ్డలు కనిపెట్టడంలో బాచుపల్లి బ్రాంచి ఫస్టు, గోపన్‌పల్లి లాస్టు. ఆమె బల్ల చరిచింది. "బాచుపల్లికి మలంల రక్తం పడుతున్న ముసలోళ్లొస్తరు. నా దగ్గరికి కంపెనీ చెకప్‌లకు ఏ రోగం లేని పడుచు పిల్లలొస్తరు. లేని గడ్డ యాడికెళ్లి తేవాలె?"

"రూల్ అందరికీ ఒకటే మేడమ్," అన్నాడు మధుకర్.

మర్నాడు మొదటి పేషెంటు ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఆమె ఎప్పటిలాగే ప్రతి మడతా వెతికింది. "ఏం లేదు బిడ్డా, నిమ్మలంగ పో," అంది. అతను దండం పెట్టి నవ్వుతూ వెళ్లాడు. ఆమె కళ్లద్దాలు పైకి తోసింది. "ఆ పిల్లగాడు మంచిగుంటే గూడ తప్పు నాదే!"