నోరు తెరిచిన గుర్రం

తిరువళ్లూరులో రైలెక్కి నా ఎదురుగా కూర్చున్న చిత్రకారిణి ఒళ్లో కాగితం గుజ్జుతో చేసిన గుర్రం బొమ్మ ఉంది. మెడ నిండా బంగారు పూలు. నోరు మాత్రం బార్లా తెరిచి ఉంది.

"సకిలిస్తా ఉండాదామ్మా?" అన్నాను.

"పాడతా ఉండాదన్నా," అంటూ ఒక ఇయర్‌ఫోన్ నా చేతికిచ్చింది. ఏ దేశపుదో ఆపెరా, మాటలన్నీ పాటలుగా పాడే నాటకం. ఒక ఆడగొంతు మబ్బులా పైకి తేలిపోతోంది.

"ఏమంటా ఉండాది?"

"నాకూ తెలీదు. ఆమె గొంతు లేస్తే దీని మెడ లేపినాను. దీని నోరు మూస్తేనే కొనేవాళ్లు తీసుకుంటారంట. మూసేదా అన్నా?"

నేను కళ్లు మూసుకుని వింటూ ఉండిపోయాను. తిరుత్తణి రాగానే ఆమె ఇయర్‌ఫోన్ తీసుకుని, గుర్రాన్ని చంకనెత్తుకుని దిగిపోయింది.

"మూయొద్దమ్మా!" కిటికీలోంచి అరిచాను. రైలు కూతలో వినబడిందో లేదో.

ఇప్పటికీ ఏ అంగట్లో గుర్రం బొమ్మ కనబడినా ముందు దాని నోరే చూస్తాను.