పిట్టగోడ లేని మిద్దె

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ వందనాలు. నా పేరు మార్త, మాది పెనుకొండ. నిరుడు ఎండాకాలంలో, మా ఇంటి పనికి వచ్చిన కూలాయన బతుకుతాడో లేదో, నా భర్త జైలుకు పోతాడో ఏమో అని, హిందూపురం ఆసుపత్రి వరండాలో నోట ముద్ద పెట్టకుండా కూర్చుని ఉన్నాను. అందులోంచి ప్రభువు మమ్మల్ని ఎట్లా బయటికి తెచ్చాడో చెప్పడానికే ఈ ధర్మవరం కూటంలో మీ ముందు నిలబడ్డాను.

మా ఆయనకు సొంత ఇల్లు కట్టాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. కంట్రాక్టరుకు ఇస్తే పని చెడగొడతాడని, తానే మేస్త్రీని, కూలీలను పెట్టుకుని దగ్గరుండి కట్టించాడు. పునాది నాడు సంఘమంతా వచ్చి నాలుగు మూలలా నూనె పోసి ప్రార్థన చేశారు. నా తమ్ముడు పెనుకొండ కోర్టులో లాయరు. వాడు ఆ రోజే చెప్పాడు, "బావా, నడుమ కంట్రాక్టరు లేడు కాబట్టి పనోళ్ళకు ఏమైనా అయితే చట్టం నిన్నే అడుగుతాది. వాళ్ళ కోసం ఇన్సూరెన్సు తీసుకో" అని. పక్కనే ఉన్న సంఘ పెద్ద ఒకాయన నవ్వి, "ప్రార్థన చేసిన పునాదికి పాలసీ యాందప్పా? దేవుని మీద నమ్మకం లేదా?" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు, మా ఆయన ఆ ఆమేన్‌నే పట్టుకున్నాడు! తన మోటారు సైకిలుకు ఏటేటా ఇన్సూరెన్సు కట్టేటప్పుడు అడ్డురాని విశ్వాసం, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ప్రభువుకే ఎరుక.

స్లాబు వేయించాము. పిట్టగోడ గృహప్రవేశం అయ్యాక కట్టుకుందాంలే అన్నాడు మా ఆయన, మా వీధిలో అందరూ అట్లాగే చేస్తారు. స్లాబు గట్టిపడడానికి దాని మీద మట్టి కట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టే పని నారాయణప్పది. బుక్కపట్నం మనిషి, నెమ్మదస్తుడు, మా దేవుణ్ణి ఎరిగినవాడు కాదు గానీ మేము ప్రార్థన చేస్తే తలపాగా తీసి నిలబడేవాడు. ఆ ఉదయం నీళ్ళ పైపు లాక్కుంటూ వెనక్కి వెనక్కి నడిచి, తడి అంచున కాలు జారి, కింద పేర్చిన ఇటుకల మీద పడిపోయాడు. నేను కేకలు వేస్తూ పరుగెత్తేసరికి అతనికి స్పృహ లేదు.

హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడి వాళ్ళు కబురు పెడితే పోలీసులు వచ్చారు. వాళ్ళు డాక్టరుతో మాట్లాడుతుండగా మేస్త్రీ మా ఆయనను పక్కకు లాగి, "ఏమప్పా, తాగి ఎక్కినాడు, మేం ఎక్కమనలేదు అని చెప్పు. ఆయప్ప లేచి కాదంటాడా?" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. లోపల ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న మనిషిని బయట తాగుబోతును చేస్తున్నారు, అతని భార్య లక్ష్మీదేవి ఆ గది గోడకే ఆనుకుని ఏడుస్తోంది! సహోదరులారా, నేను అక్కడే మోకరించి, "తండ్రీ, ఈ మనిషిని బతికించు, నా భర్త నోటిని కాపాడు, మా ఇల్లు పోయినా పర్వాలేదు" అని ఏడ్చాను.

ప్రార్థిస్తుండగా బైబిలు వాక్యం ఒకటి గుర్తుకొచ్చింది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి, లేకుంటే పడినవాని రక్తం ఆ ఇంటి మీదికే వస్తుంది అని. చిన్నప్పటి నుంచి చదువుతున్నదే! పాలసీ వద్దన్న పెద్దా చదివినదే, ఆమేన్ అన్న మేమూ చదివినదే. లేచి మా ఆయన దగ్గరికి పోయి, "దేవుడు మనకు ముందే చెప్పినాడు. నువ్వు అబద్ధం చెప్తే ఆ ఇంట్లో నేను కాలు పెట్టను" అన్నాను. ఆయన నా వైపు చూశాడు, లక్ష్మీదేవి వైపు చూశాడు, తర్వాత పోలీసాయన దగ్గరికి పోయి, "తాగలేదు సార్. నేను పెట్టుకున్న మనిషే. పిట్టగోడ కట్టించనిది నేనే" అన్నాడు.

కేసు మాయమైపోయిందని నేను చెప్పను. ఆయన స్టేషనుకు పోయాడు, బెయిలు మీద వచ్చాడు, కోర్టు మెట్లు ఎక్కాడు. ఆసుపత్రి ఖర్చుకు, నారాయణప్పకు చెల్లవలసిన పరిహారానికి మా నాయన నాకిచ్చిన స్థలం అమ్మాము. పాలసీ ఉంటే ఆ కుటుంబానికి మా డబ్బు కోసం ఎదురుచూసే గతి పట్టేది కాదు. అయితే నారాయణప్ప కళ్ళు తెరిచాడు! తొడలో రాడ్డు వేశారు, కుంటుతూనే అయినా నడుస్తున్నాడు. నా భర్త అబద్ధం నుంచి తప్పించబడ్డాడు. దేవునికే మహిమ!

పని మళ్ళీ మొదలుపెట్టిన రోజే, అన్నిటికన్నా ముందుగా పనివాళ్ళందరికీ ఇన్సూరెన్సు తీసుకున్నాము. గోడలకు పూత కూడా పూయకముందే పిట్టగోడ లేచింది. పాలసీ వద్దన్న ఆ సంఘ పెద్దే వచ్చి ఇటుకలు అందించాడు.

గృహప్రవేశానికి నారాయణప్పను, లక్ష్మీదేవిని పిలిచాము. వద్దంటున్నా వినకుండా అతను కర్ర పట్టుకుని మిద్దె ఎక్కాడు. తాను పడిన చోటికే పోయి, పిట్టగోడ మీద చెయ్యి వేసి, కిందికి తొంగిచూసి, "ఇప్పుడు పట్టుకునేకి ఒకటుండాదమ్మా" అన్నాడు. నా భర్త ఏడ్చేశాడు.

ఇల్లు కట్టే బిడ్డలారా, భయంలో మునిగి ఉన్న బిడ్డలారా, ప్రభువును నమ్మండి. మనం పట్టుకోవడానికి ఆయన చెయ్యి ఎప్పుడూ ఉంది. మన మిద్దె ఎక్కినవాళ్ళు పట్టుకోవడానికి గోడ మాత్రం మనమే కట్టాలి. ఆమేన్.