గద్దను నడిపించిన అప్ప

అప్ప పోయింది. తుపాను ముసురు పట్టి గొడుగుల బేరం బాగా సాగుతున్న సంత రోజున, అరకులో నా కొట్టు దగ్గరికి కబురొచ్చింది. కొండ మీద నుంచి దిగిన జీపు డ్రైవరు బండి పూర్తిగా ఆపకుండానే, "మావా, మీ అప్ప పోనాది. రేపు పొద్దున్న ఎత్తుతారంట, బేగి బయలెల్లు" అని చెప్పి సాగిపోయాడు. నా ముందు ఒక పెద్దమనిషి ఒకే గొడుగును తెరిచి మూసి, తెరిచి మూసి బేరమాడుతున్నాడు. అతను గొడుగు మూసి, "ఎవరు, ఆ గద్దని పెంచుకున్న ముసల్దేనా?" అన్నాడు.

ఆ గొడుగు నేను అతనికి అమ్మలేదు. ఈ నాలుగు ముక్కలూ అతని కోసమూ, అతనిలాగే అనుకునే తక్కినవాళ్ల కోసమూ రాస్తున్నాను.

అప్ప నాకు తోడబుట్టిన మనిషి కాదు. ఆవిడది కొండ మీద ఊరు, నేను కింద మైదానం నుంచి వచ్చినవాణ్ని. వయసులో పెద్దది గనక, మా వైపు అక్కని పిలిచినట్టు నేను అప్ప అన్నాను, ఆవిడ తమ్ముడా అంది. మమ్మల్ని కలిపింది ఒక టీవీ. అప్పట్లో టీవీ, సీడీ ప్లేయరు, చిన్న జనరేటరు జీపు వెనక కట్టుకుని సంతసంతకీ తిరిగి, టార్పాలిన్ కింద బొమ్మ ఆడించేవాణ్ని. బడికి నేను పెద్దగా వెళ్లలేదు. అక్షరాలు గోడల మీద సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాను. అందుకే నా చేతిరాతలో ప్రతి అక్షరమూ ఎవరి మీదకో దూకబోతున్నట్టు ఉంటుందని మా ఆవిడ అనేది. సరే, ఇది నా చేతిరాత గురించి కాదు.

పెద్దవాళ్లకి పౌరాణికాలూ, కొట్లాట సినిమాలూ వేసేవాణ్ని. పిల్లలకి యానిమేషన్ బొమ్మలు. విశాఖపట్నంలో ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చిన సీడీల్లో ఒక పిట్టల బొమ్మ ఉండేది. ఏ దేశానిదో, అందులో మాట్లాడేది ఏ భాషో నాకు తెలియదు. పూరేడు పిట్టల కుటుంబం ఒకటి కరువొచ్చి కొండలు దాటి పోతుంటుంది, పైన ఒక పెద్ద గద్ద వెంటపడుతుంటుంది. మా వైపు ప్రతి ఇంట్లోనూ గద్ద కోడిపిల్లను తన్నుకుపోయిన సంగతి ఒకటి ఉంటుంది. అందుకని ఆ గద్ద తెర మీదకి రాగానే పిల్లలు మట్టిబెడ్డలు ఏరుకునేవాళ్లు. టీవీ అద్దానికి అడ్డంగా నేను నిలబడాల్సి వచ్చేది.

అప్ప సంతకి పసుపూ పిప్పళ్లూ తెచ్చి అమ్ముకుని, తిరుగు జీపు వచ్చేదాకా నీడ కోసం మా టార్పాలిన్ కింద కూర్చునేది. ఒకరోజు పిల్లలు "ఏటంటన్నాది, ఏటంటన్నాది" అని ఒకర్నొకరు పొడుస్తుంటే విసుగొచ్చి, "నోర్ముయ్యండి, నాను సెప్తాను" అంటూ టీవీ పక్కకి జరిగి చతికిలబడింది. వాళ్ల కొండభాషా, మా తెలుగూ కలిపి, పిట్టలన్నిటికీ తనే గొంతు ఇచ్చింది. ఆ తరవాత అప్ప రాని రోజున బొమ్మ వేస్తే పిల్లలు లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఆవిడ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్లకి చెబుతున్నాను, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు ఆ తరం ఆడవాళ్లకి అది మామూలే. పిట్టలు మాట్లాడేటప్పుడు చుట్ట తీసి చేత్తో పట్టుకునేది. గద్ద మాట్లాడేటప్పుడు మాత్రం నిప్పు లోపల ఉంచుకుని పళ్ల సందు నుంచి మాట్లాడేది, ముక్కులోంచి పొగ వచ్చేది. నాకే ఒళ్లు జలదరించేది. "నోట్లో నిప్పు పెట్టుకుని ఎలా మాటాడతావప్పా?" అని అడిగితే, "నిప్పుంటేనే మాట జాగర్తగా వత్తాది తమ్ముడా" అంది.

ఆ సీడీ చివర్లో గీత పడింది. గద్ద లోయ అంచున రెక్కలు కొట్టుకుంటుండగా బొమ్మ బిగుసుకుపోయేది. అప్ప తడుముకునేది కాదు. "పడ్డాది. లోయలో పడి సచ్చిపోనాది. పదండింక ఇళ్లకి" అనేది. పిల్లలు చప్పట్లు కొట్టుకుంటూ పోయేవాళ్లు. అలా ఆ గద్దని వారం వారం చంపుతూనే ఉంది.

కొన్నాళ్లకి నాకు ఆ బొమ్మ రెండో భాగం దొరికింది. ముందుగా చూసుకోకుండానే వేసేశాను. పూరేడు పిల్లలు పెద్దవై మళ్లీ ప్రయాణం కట్టాయి, ఈసారి మంచుకొండల మీదుగా. కాసేపటికి తెర మూల నుంచి ఒక పక్షి నడుచుకుంటూ వచ్చింది. రెక్క ఒకటి వేలాడుతోంది. చూస్తే మన గద్దే.

టార్పాలిన్ కింద గోలయిపోయింది. ఒక ఆడపిల్ల, మా వైపు గుంట అంటాం, లేచి నడుం మీద చెయ్యి వేసుకుని, "అవ్వా, సచ్చిపోనాదన్నావు గదా" అని నిలదీసింది. అప్ప బొమ్మ ఆపమని నాకు సైగ చేసి, చుట్ట తీసి పక్కన పెట్టింది.

"సచ్చిపోవడం నువ్వు సూసినావా?"

"నువ్వే సెప్పినావు."

"నానూ సూడలేదే. బొమ్మ ఆగిపోతే నోటికొచ్చింది సెప్పినాను. మీకూ అదే కావాల, సప్పట్లు కొట్టినారు. ఇప్పుడది ఎదురుగా నడుసుకొత్తంది. నడుసుకొచ్చినదాన్ని సచ్చిపోనాదని ఎలగంటామే? నా మాటే తప్పు. ఇంక దాన్ని సూడు."

ఎగరలేని గద్ద నడక మీరు చూశారో లేదో. షోకు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచే పెద్దమనిషిలా ఉంటుంది. పిల్లలు మొదట నవ్వారు, తరవాత నవ్వడం మానేశారు. పిట్టలకి దారి తెలియదు. పై నుంచి వేటాడింది గనక గద్దకి అన్ని దారులూ తెలుసు. అదే ముందు నడిచి వాటిని మంచు దాటించింది. చివరికి పిట్టలు పచ్చటి లోయలోకి దిగాయి. గద్ద మాత్రం వెనక్కి తిరిగి, మంచులో ఒక్కటే పోతూ పోతూ చుక్కంత అయిపోయింది.

"ఎక్కడికెల్తన్నాది అవ్వా?" పిల్లలు టీవీ దగ్గరికి జరిగారు.

"సంతకి. ఉప్పు తేడానికి. కూర ఉడికేలోగా వచ్చేత్తాది" అంది అప్ప. పిల్లలు మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఇంతటితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ని కాదు. టీవీలు ఇళ్లలోకి వచ్చేశాయి, నా టార్పాలిన్ గొడుగుల కొట్టుకి పైకప్పయింది. ఆ రోజుల్లో ఆ కొండ ఊళ్లకి ఒక మనిషి రావడం మొదలుపెట్టాడు. ఊరు వాడికి పెట్టిన పేరు మూటలోడు. మూట మోసుకెళ్లి కింద రోడ్డు మీద బండికి అందిస్తే చాలని కుర్రాళ్లకి చెప్పేవాడు. మూటలో ఉన్నది గంజాయి. అప్ప మనవడు మొదటి మూటకే పట్టుబడి జైలుకి పోయాడు. అప్ప కొడుకు అంతకు ముందే కాలం చేశాడు. ఆ ఇంట్లో మిగిలింది అత్తా, కోడలూ, జైల్లో ఉన్న ఆ ఒక్క పిల్లవాడూ. వాడు విడుదలై వచ్చేదాకా కోడలు నవ్వగా నేను చూడలేదు. వచ్చాక కూడా పెద్దగా చూడలేదు. ఇప్పుడు అతను అరకులో ఆటో నడుపుకుంటున్నాడు.

మూటలోడూ తరవాత పోలీసులకి దొరికాడు. జైల్లో జబ్బు చేసి పోయాడని ఎవరో కబురు తెస్తే ఊరంతా మంచిదయిందన్నారు. అలా పోయాడనుకున్నవాడు ఒకరోజు నడుచుకుంటూ వచ్చి అప్ప ఇంటి ముందు పనసచెట్టు కింద కూర్చున్నాడు. ఆ రోజు మాటలు అప్పే నాకు చెప్పింది.

"నీ మనవడికి ఒక మాట సెప్పాలని వచ్చినాను అవ్వా."

"ఏటా మాట?"

"తెల్దు. దారంతా ఎతికినాను. దొరకలేదు."

"దొరికేదాకా కూకో."

అదే రోజు కోడలు తన గిన్నెలూ చాపా తీసుకుని అదే వరసలో ఉన్న పాత ఇంట్లోకి మారిపోయింది. "ఆడు తాగిన సెంబు నాను ముట్టను అత్తా. ఆడుంటే ఈ గుమ్మం తొక్కను" అంది. అప్ప ఆమెను బతిమాలలేదు. "తొక్కకు. నిన్ను ఊరుకోమని నానెందుకంటాను? రోజూ వచ్చి వాకిట్లో నిలబడి తిట్టు. ఆడు ఇనాల" అంది. కోడలు ఆ మాటను అక్షరాలా పాటించింది. తెల్లారి లేచి, చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, వచ్చి తిట్టేది. వాడు, అప్ప తనకి పడుకోవడానికి చోటిచ్చిన, కాఫీ గింజలు ఆరబెట్టే షెడ్డు ముందు తల వంచుకుని నిలబడి చివరిదాకా వినేవాడు. ఆ తరవాతే అప్ప కాఫీ తోటలో పనిలోకి వెళ్లేవాడు.

మెత్తని మనసుతో చేసిన పని అంటారా? షెడ్డు దాటి ఇంట్లోకి వాణ్ని అప్ప ఏనాడూ రానివ్వలేదు. ఊరికి మాత్రం అది చాలలేదు. కొండ ఊళ్లలో ఒకరి తోట కోతకి ఇంకొకరు వెళ్తారు, ఇవాళ మీది, రేపు మాది. అప్ప తోటకి రావడం అందరూ మానేశారు. ఆవిడా, వాడూ ఇద్దరే కాఫీ కోసుకున్నారు. పండు సగం నేల రాలేది.

సంత రోజున బుట్ట వాడి నెత్తిన పెట్టి, తను ముందు నడిచి సంత నడిబొడ్డు నుంచి తీసుకొచ్చేది. నాకే ఇబ్బందిగా ఉండి, వెనక దారిన రారాదా అన్నాను. "దాస్తే దొంగని దాసినట్టుంటాది తమ్ముడా. సూడనీ" అంది. ఉల్లిపాయలమ్మే కుర్రాడొకడు, ఒకప్పుడు నా టార్పాలిన్ కింద బెడ్డలు ఏరుకున్నవాడే, "గద్దని పెంచుకుంటన్నావేటవ్వా?" అని వెనక నుంచి కేక వేశాడు. ఆవిడ ఆగి, వాడి ఉల్లిపాయలన్నీ తిరగేసి, ఒకటీ కొనకుండా, "పెంచుకోటం లేదురా. నడిపిత్తన్నాను" అని చక్కాపోయింది.

ఆ మూటలోడికి వెతుక్కుంటున్న మాట దొరికిందో లేదో నాకు తెలియదు. మనవడు ఒకసారి మా కొట్టు ఎదురుగా ఆటో ఆపి వాడితో మాట్లాడడం చూశాను. మాట్లాడినదంతా మనవడే. వాడు బుట్ట దించకుండా విన్నాడు.

అప్పని మట్టి చేసి వచ్చాక సంతలో నాకు వినిపించిన మాట ఒక్కటే. ముసల్ది పిల్లల బొమ్మ చూసి మతి పోగొట్టుకుందట. నాకు ఒళ్లు మండింది. మా మనవరాలి చేత ఫోన్లో ఆ రెండో భాగం వెతికించి, ఇన్నేళ్ల తరవాత మళ్లీ చూశాను. ఇప్పుడు తెలుగు మాటలు కూడా ఉన్నాయి. గద్ద గొంతు ఎవరో బాగానే చెప్పారు, పొగ ఒక్కటే తక్కువ. చివర్లో, లోయ ఒడ్డున, పెద్ద పిట్ట గద్దతో అంటుంది: నువ్వు మారావు, మాకు తెలుసు, కానీ మా పిల్లలు నిన్ను చూస్తే నిద్రపోలేరు. గద్ద సరేనంటుంది. తిరిగి మంచులోకి పోతుంది. వెనక వయొలిన్లు, చూసేవాళ్లు కళ్లు తుడుచుకోవడానికి వీలుగా. దారి చూపించుకుని, మంచు దాటించుకుని, నువ్వు మంచివాడివే గానీ అవతలికి పో అని సాగనంపడమన్నమాట. సంతా లేదు, ఉప్పూ లేదు, ఉడికే కూరా లేదు. అదంతా అప్ప అక్కడికక్కడ పుట్టించింది. కాబట్టి అయ్యలారా, బొమ్మ చూసి ఆవిడ చెడిపోయిందనకండి. బొమ్మ చెప్పినట్టు విని ఉంటే మూటలోణ్ని ఆ పనసచెట్టు కింద నుంచే తరిమేసేది.

దినం రోజున నేనూ వెళ్లాను. అడ్డాకుల విస్తళ్లు ఎత్తేశాక ఊరి పెద్ద గొంతు సవరించుకుని, "ముసల్ది ఉన్నన్నాళ్లూ ఊరుకున్నాం. ఇంక ఆడు ఎల్లిపోవాల" అన్నాడు. మూటలోడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బట్టలు తువ్వాలులో కట్టుకుని వాకిటి అవతల నిలబడే ఉన్నాడు.

నేను ఊరుకోలేక లేచాను. "గద్ద ఉప్పుకి వెళ్లిందంటే చప్పట్లు కొట్టింది మీరే కదర్రా" అన్నాను. గుంపులోంచి, ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, ఆనాడు నడుం మీద చెయ్యేసుకుని అప్పని నిలదీసిన గుంటే, "అది బొమ్మ మావా. ఇది మా ఊరు" అంది. లేచిన చోటే మళ్లీ కూర్చున్నాను.

ఇల్లూ తోటా ఇప్పుడు కోడలివి. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె విస్తళ్ల చోటు చిమ్ముతోంది. చీపురు ఆపలేదు.

"ఆడి మొకం సూడాలని నాకు లేదు" అంది. "నా కొడుకు లోపల పోగొట్టుకున్న వయసు ఆడు తేలేడు. తెత్తానన్నా నాను నమ్మను. కానీ పొమ్మనాల్సింది ఎవరు? మీ పిల్లలెవరూ మూట మొయ్యలేదు. మోసింది నా కొడుకు. పొమ్మంటే నానే అనాల."

"మరి అను" అన్నాడు ఊరి పెద్ద.

"అత్తతో అన్నేళ్లు దెబ్బలాడినాను. అత్త ఉన్నప్పుడు గెలవలేకపోనాను. పోయినాక గెలుత్తానా? నాను అనను. మీరూ అనకండి."

ఊరి పెద్ద తువ్వాలు దులుపుకుని లేచాడు. వాళ్లు ఒప్పుకున్నారని నేను అనను. ఆమె మీద నోరు చెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, అంతే.

మర్నాడు పొద్దున్న జీపు కోసం దిగుతూ అప్ప తోట పక్కనుంచి వచ్చాను. మంచు ఇంకా విడవలేదు, కాఫీకి నీడనిచ్చే సిల్వరోక్ చెట్ల మొదళ్లు మాత్రం నల్లగా కనిపిస్తున్నాయి. కాఫీ మొక్కల మధ్య ముందు వాడు కనిపించాడు, నడుముకి బుట్ట కట్టుకుని కోస్తున్నాడు. తరవాత, అదే మొక్కకి ఇటు పక్క, కోడలు. ఆమె వైపు ఒరిగిన పైకొమ్మ నిండా పండు ఉంది, వాడికి అందడం లేదు. ఆమె చెయ్యి చాచి ఆ కొమ్మని వంచి, వాడి వైపుకి దించి పట్టుకుంది. మొహం మాత్రం లోయ వైపు తిప్పుకుంది. వాడు ఒక్కొక్క పండూ కోసి బుట్టలో వేసేదాకా, ఆ కొమ్మని అలాగే వంచి పట్టుకుని నిలబడింది.