బాబాయి ఆటలో పరిగెత్తడు

అమ్మడి బాబాయి తుపాకుల ఆటలో పరిగెత్తడు. ఆయనలో ఉన్న వింత ఇదొక్కటే. మిగతాదంతా మనలాంటి మనిషే. టీవీ ముందు పాత కుర్చీలో కూర్చుని కంట్రోలర్ చేతిలోకి తీసుకుంటాడు. తెర మీద నలువైపుల నుంచీ తూటాలు దూసుకొస్తుంటాయి. బాబాయి మాత్రం భోజనం అరగడానికి నాలుగడుగులు వేసే మనిషిలా నడుస్తుంటాడు. తలుపు తీస్తాడు, లోపలికి వెళతాడు, వెనక్కి తిరిగి ఆ తలుపు వేస్తాడు.

"తలుపు వెయ్యడం ఎందుకు బాబాయ్?" అని అమ్మడు ఒకసారి అడిగింది.

"తీసింది మనమే కదమ్మా" అన్నాడు.

చేతిలో తుపాకీ ఉంటే గది సరిగ్గా కనబడదని దాన్ని కిందికి దించేస్తాడు. అలా దించుకునే మీట ఒకటుందని ఆ ఆట ఆడేవాళ్లలో సగం మందికి తెలియనే తెలియదు. బాబాయి కంట్రోలర్ మీద మాత్రం అన్నిటికంటే ముందు అరిగిపోయింది ఆ మీటే.

ఇదంతా విని ఆయన పుట్టుకతోనే నెమ్మదస్తుడని అనుకుంటే పొరపాటు. బాబాయి ఇరవై రెండేళ్లుగా అంబులెన్స్ నడుపుతున్నాడు. భోజనం నాలుగు నిమిషాల్లో ముగిస్తాడు. బూట్ల తాళ్లు మెట్లు దిగుతూ కట్టుకుంటాడు. పిన్ని "ఏమండీ" అని మొదలుపెట్టి విషయంలోకి వచ్చేసరికి ఆయన వీధి చివర తేలతాడు. ఆవిడకి మాట మొదటి సగం ఇంట్లో, రెండో సగం ఫోన్లో చెప్పడం అలవాటైపోయింది.

అటువంటి మనిషికి ఆట రెండో లెవెల్లో ఒక జీపు దొరికింది. ఇక చూసుకోండి బాబాయి డ్రైవింగ్ అని ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. బాబాయి జీపెక్కాడు, అద్దం చూసుకున్నాడు, కూడలి దాకా వెళ్లి ఎర్రలైటు దగ్గర ఆగాడు.

"బాబాయ్! ఇది ఆట! వెనక ట్యాంకు వస్తోంది!"

"రానీ. దానికీ సిగ్నలేగా."

"ట్యాంకు సిగ్నల్ దగ్గర ఆగదు!"

"నేను మాత్రం ఎప్పుడాగాను? ఇరవై రెండేళ్లలో ఒక్క ఎర్రలైటు దగ్గరైనా కుదురుగా నిలబడ్డానా? ఇన్నాళ్లకి ఆగే యోగం పట్టింది, చెడగొట్టకు."

ట్యాంకు ఆగలేదు. బాబాయి చచ్చిపోయాడు. ఆట మళ్లీ మొదలైంది, ఆయన మళ్లీ అక్కడే ఆగాడు. అలా ఏడుసార్లు ప్రాణాలు వదిలాక, ఎనిమిదోసారి ట్యాంకు వచ్చేలోపు పచ్చలైటు వెలిగింది. ఇంట్లో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. బాబాయి ఎడమ వైపు తిరుగుతున్నానని, ఆటలో ఎవరికీ కనబడని తన చెయ్యి చూపించి మరీ బయలుదేరాడు.

అమ్మడి మేనమామ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన పనిచేసేది పాత రికార్డుల ఆఫీసులో. ఆయన బల్ల మీదికి వచ్చిన కాగితం పక్క బల్ల చేరాలంటే మూడు వారాలు పట్టాలి. అదే మనిషి ఇంట్లో ఆట పెట్టాడంటే ఇక పూనకమే. బాబాయి ఆడుతున్న ఆటనే మొత్తం మూడు గంటల పదకొండు నిమిషాల్లో ముగించేశాడు. కథేమిటని అడిగితే "కథ కూడా ఉందా?" అన్నాడు. అందుకే ఇంట్లో ఆయన్ని తుఫాను మావయ్య అంటారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చి బాబాయి పక్కన కూర్చున్నాడంటే అందరికీ కాలక్షేపం.

"ఎందాకా వచ్చారు బావగారూ?"

"మూడో లెవెల్."

"పోయిన నెలా మూడో లెవెలేగా?"

"అప్పుడు గేటు దగ్గరున్నాను. ఇప్పుడు మెట్ల దాకా వచ్చాను."

"ఆ మెట్ల కింద ఒకడుంటాడు. వాణ్ణి కాల్చిపారేసి పైకెళ్లిపోండి."

"వాడికి దగ్గు పట్టుకుంది బావగారూ. రెండు రోజులుగా వింటున్నాను. పాపం, తెరిపి లేదు."

"వాడు శత్రువండీ!"

"శత్రువైతే దగ్గు రాకూడదా?"

మావయ్య తల పట్టుకునేవాడు. పిన్ని టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టేది. రోజంతా బయట పరిగెత్తే మనిషి, ఇంటికొచ్చాకైనా నడవనివ్వండి అని అందరూ సర్దిచెప్పుకునేవాళ్లు. అమ్మడు కూడా అదే నమ్మింది.

ఈ ఆటతో అమ్మడికున్న సంబంధం వేరు. దాన్ని తయారుచేసిన కంపెనీలోనే ఆమె ఉద్యోగం. తుపాకులూ శత్రువులూ వేరేవాళ్లు చేస్తారు. అమ్మడిది గదుల్లో సామాను. కుర్చీలు, కప్పులు, గోడల మీద తుప్పు, తలుపు పక్కన నోటీసులు, ఇవన్నీ బొమ్మ గీసి, రంగు వేసి, తెర మీద నిలబెట్టేవాళ్లు పదకొండు మంది. ఎవరేం చేశారో బయట చెప్పకూడదని చేరినప్పుడే సంతకం పెట్టించుకున్నారు. అమ్మడు ఆ మాట ఇంట్లో కూడా తప్పలేదు.

"ఆ పూలకుండీ నీదేనా?" అని పిన్ని అడిగేది.

"చెప్పకూడదు పిన్నీ."

"పోనీ తల ఊపు."

"ఊపకూడదు పిన్నీ."

"ఇదేం ఉద్యోగమే తల్లీ, తల కూడా వాళ్లదేనా?"

నిజానికి అమ్మడిది ఏడో లెవెల్లో సిబ్బంది విశ్రాంతి గది. ఆ ఒక్క గదికి ఏడు నెలలు పట్టింది. చిన్నప్పుడు బడి సెలవుల్లో బాబాయి వెంట వెళ్లి కూర్చున్న అంబులెన్స్ డ్రైవర్ల గదిని గుర్తు తెచ్చుకుని, పూస గుచ్చినట్టు అలాగే చేసింది. ఒక కాలు పోయిన సోఫా, దాని కింద మడతపెట్టిన పేపర్లు, మేకులకు వేలాడే బండి తాళాలు, "తాగిన కప్పు కడిగి పెట్టవలెను" అన్న నోటీసు. కిటికీ గట్టు మీద బాబాయి కప్పు. దాని పిడి ఒకప్పుడు విరిగితే ఆయన దెబ్బలకు చుట్టే తెల్ల ప్లాస్టరు చుట్టి, అతికిందనిపించి, ఇప్పటికీ అందులోనే టీ తాగుతున్నాడు. ఆ ప్లాస్టరు అంచు పైకి లేచిన తీరు రావడానికే అమ్మడికి నాలుగు రోజులు పట్టింది.

మావయ్య ఆట ముగించిన రోజున ఉండబట్టలేక, ఊరికే అడిగినట్టు అడిగింది.

"మావయ్యా, ఏడో లెవెల్లో ఎడమ వైపు ఒక విశ్రాంతి గది ఉంటుందట, చూశావా?"

"చూడ్డమేమిటే, బాంబు వేశాను!" అన్నాడు మావయ్య గర్వంగా.

ఆఫీసులో లెక్కలు అంతకన్నా ఘోరం. ఆట బయటికొచ్చిన ఆరు నెలలకు మేనేజరు ఒక పటం చూపించాడు. ఆ గదిలో మనుషులు సగటున నిలబడేది తొమ్మిది సెకన్లు. అందులో నాలుగు తుపాకీలో తూటాలు నింపుకోవడానికి.

"వచ్చే ఆటలో గదులు తగ్గించి చీకటి పెంచుదాం. చీకట్లో సామాను అక్కర్లేదు" అన్నాడు మేనేజరు.

అమ్మడికి మనసు విరిగిపోయింది. ఆ పనంటే ఆమెకి ప్రాణం. కానీ ఎవరూ చూడని కప్పుకి ఎన్నాళ్లని ప్లాస్టరు చుడుతుంది? అప్పుడే ఒక టైల్స్ ఫ్యాక్టరీ వాళ్లు, మా టైల్స్ మీద పూలూ తీగలూ గీయడానికి వస్తారా అని అడిగారు. సోమవారం లోపు జవాబు చెప్పాలి. టైల్స్ మీద అయితే కనీసం మనుషులు నిలబడతారు కదా అనుకుంది.

సోమవారం ఇంకా మూడు రోజులుందనగా, శుక్రవారం నాడు, ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. పంతొమ్మిది పేజీలు. చేతిరాత. కింద పేరు లేదు, "ఒక ఆటగాడు" అని మాత్రం ఉంది. మేనేజరు అందరినీ పోగేసి పైకి చదివాడు.

"అయ్యా, మీ ఆట ఆడుచున్నాను. ఆరు నెలలైనది. ప్రస్తుతం మూడవ లెవెల్ మెట్ల వద్ద ఉన్నాను."

అక్కడికే అందరూ పడీపడీ నవ్వారు. మేనేజరు కొనసాగించాడు.

"గోడ గడియారం. చేరినది నాలుగు పది. బయలుదేరినది నాలుగు యాభై అయిదు. గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉన్నది. అయినను బాగున్నది. మంటలార్పు సిలిండరు. చేరినది అయిదు. బయలుదేరినది అయిదు ఇరవై. గడువు దాటినది, వెంటనే మార్చగలరు. ఎరుపు రంగు బాగున్నది. వంటగది కుళాయి. కారుచున్నది గానీ కింద తడి లేదు. కుళాయి బాగున్నది. మెట్ల కింద కాపలా మనిషి. దగ్గుచున్నాడు. వైద్యునికి చూపించగలరు. దగ్గు బాగున్నది."

అలా రెండువందల పద్నాలుగు వస్తువులు. అమ్మడి చెవులు వేడెక్కిపోయాయి. వస్తువుకి ఒక చేరిన సమయం, ఒక బయలుదేరిన సమయం! అంబులెన్స్ ట్రిప్పు కాగితం తప్ప ఇలా ఇంకేది రాస్తారు? మేనేజరు ఆ పేజీలన్నీ గోడకు అంటించాడు. అమ్మడు తల వంచుకుని బల్ల సర్దుకుంది.

శనివారం మధ్యాహ్నం అగ్గిమీద గుగ్గిలమై బాబాయి ఇంటికి వెళ్లింది. బాబాయి టీవీ ముందున్నాడు. పిన్ని ఆయన యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"బాబాయ్, మా ఆఫీసుకి ఉత్తరం రాశావా?"

తెర మీద నడుస్తున్న మనిషి ఠక్కున ఆగిపోయాడు. "పేరు రాయలేదే!" అన్నాడు బాబాయి.

"పేరెందుకు? గోడ గడియారానికి ట్రిప్పు కాగితం రాసేవాడు ఈ లోకంలో ఇంకొకడున్నాడా?"

"అలవాటమ్మా. సమయం వెయ్యకపోతే చెయ్యి ముందుకి సాగదు."

"అందరూ నవ్వారు బాబాయ్!"

"నవ్వారా? పోనీలే, చదివారుగా."

"అన్నీ బాగున్నాయి, బాగున్నాయి! కారే కుళాయి బాగుందట, గడువు దాటిన సిలిండరు బాగుందట! ఆఖరికి దగ్గు కూడానా? దగ్గులో బాగుండేదేముంది బాబాయ్?"

బాబాయి కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, తప్పు చేసి దొరికిపోయినవాడిలా తల గోక్కుంటూ అన్నాడు.

"మరేం చెయ్యనే? ఏది నీదో చెప్పకూడదన్నావు. పరిగెత్తితే నీది దాటిపోతానేమోనని నడుస్తున్నాను. ఒకటి బాగుందని రాసి ఒకటి వదిలేశాననుకో, ఆ వదిలేసిందే నీదైతే? దగ్గు నువ్వు చేశావో ఎవరు చేశారో నాకేం తెలుసు? అందుకని అన్నిటికీ బాగున్నది అని పెట్టేశాను."

అమ్మడు పిన్ని వైపు తిరిగింది.

"ఈయన సంగతి నాకు తెలియదనుకున్నావా అమ్మడూ?" అంది పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి. "ఈయనకి ఆటలంటే పడవు. మొదటి వారమంతా తల తిరుగుతోందని గోడ పట్టుకుని నడిచాడు. రోజంతా బండి తోలి వచ్చిన మనిషికి నడవాలనుంటుందా, నడుం వాల్చాలనుంటుంది గానీ. నువ్వు చేసిన ఆటని కొన్నాడు, నువ్వు చేసిందని ఆడుతున్నాడు."

"మరి ఆ ఎర్రలైటు?" అంది అమ్మడు.

"అదీ నీదేమోనని చూస్తూ ఉండిపోయాను" అన్నాడు బాబాయి. కాస్త ఆగి, "ఆగాలన్న సరదా కూడా ఉందనుకో" అని ఒప్పుకున్నాడు.

తొమ్మిది సెకన్ల పటం అమ్మడి కళ్లముందు మెదిలింది. నలభై అయిదు నిమిషాలు ఎవరిదో గడియారం ముందు నిలబడ్డ మనిషిని చూస్తే ఆమెకి కడుపు నిండిపోయింది. పకపకా నవ్వేసి, కుర్చీ లాక్కుని బాబాయి పక్కన కూర్చుంది. కూర్చున్న రెండు నిమిషాలకే ఆమెకి కాళ్లు నిలవలేదు.

"బాబాయ్, కొంచెం తొందరగా ఆడొచ్చుగా!"

"ఎందుకూ?"

"ఊరికే."

"నాలుగో లెవెలా?"

"చెప్పకూడదు."

"అయిదా? ఆరా?"

అమ్మడు ఇంటికప్పు వైపు చూసింది. "పోనీ తల ఊపవే" అంది పిన్ని.

"ఊపకూడదు పిన్నీ! కానీ నువ్వు నడు బాబాయ్, త్వరగా నడు!"

"తొందరపెట్టకు. ఈ మెట్టు మీద ఎవరో మేకు కొట్టారు, చూడనీ."

సోమవారం పొద్దున అమ్మడు ఆఫీసుకి వెళ్లేసరికి గోడ మీద ఉత్తరంలో ఒక పేజీ కనబడలేదు. కాపలా మనిషికి దగ్గు పెట్టినతను దాన్ని తెచ్చుకుని తన బల్ల ముందు అంటించుకున్నాడు. "దగ్గు బాగున్నది" కింద ఎర్ర గీత కూడా గీసుకున్నాడు. అమ్మడు అది చూసి, వసారాలోకి వెళ్లి టైల్స్ ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది.

"ఎనిమిది నెలల దాకా కుదరదండీ."

"ఏం, చేతిలో పనేమైనా ఉందా?"

"మా బాబాయి వస్తున్నారండీ."

"అంత దూరం నుంచా? ఎక్కణ్నుంచి?"

"మెట్ల దగ్గర్నుంచి" అంది అమ్మడు.

ఎనిమిది నెలలన్నది ఆమె లెక్క. పదకొండు పట్టింది. మధ్యలో ఒక గ్రంథాలయం వచ్చి కొంప ముంచింది, బాబాయి ప్రతి పుస్తకం వీపు మీది పేరూ చదివాడు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం మావయ్య, పిన్ని, అమ్మడు చూస్తుండగా ఏడో లెవెల్లో ఎడమ వైపు తలుపు తీశాడు. ఎప్పటిలాగే తుపాకీ దించి, గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. కాలు పోయిన సోఫా, మేకులకు తాళాలు, కప్పు కడిగి పెట్టమన్న నోటీసు. ఆ పైన కిటికీ గట్టు, దాని మీద తెల్ల ప్లాస్టరు చుట్టిన కప్పు.

బాబాయి బొటనవేలు కంట్రోలర్ మీద ఇంతవరకూ ఎన్నడూ ముట్టని మీటని గట్టిగా నొక్కింది.

"బావగారూ, ఏమిటా పరుగు? లోపల ఎవడూ లేడు!" అని అరిచాడు మావయ్య.

బాబాయి వినిపించుకోలేదు. వెనక తలుపు కూడా వెయ్యలేదు.