మాల్టా ముసలాయన మొహమాటం

కంప్యూటర్లు నేర్చినవాళ్లు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులవి. నేను సింగపూర్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డర్‌ని. మా ఊరి అన్నయ్య కూతురు ఇక్కడే యూనివర్సిటీలో భాషల మీద చదువుతోంది. ఏ భాషలో ఏ మాట ముందొస్తుంది, ఏది వెనకొస్తుంది అన్నదే ఆమె చదువు.

ఆమె మాల్టా దేశపు భాష పట్టుకుంది. మనం ‘పిల్లాడు రొట్టె తిన్నాడు’ అంటే వాళ్లు ‘పిల్లాడు తిన్నాడు రొట్టె’ అంటారట. రొట్టెను ముందుకు తెస్తే, ‘తిన్నాడు’కి ‘దాన్ని’ అని చిన్న తోక తగిలించాలట. ఆ తోక ఎక్కడ తప్పదో, ఎక్కడ లేకపోయినా చెల్లుతుందో ఆమె తేల్చాలి. లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఆగితే ఇంటికొచ్చి కంప్యూటర్ కోర్సులో చేరమని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు.

మా యార్డుకొచ్చిన ఓడలో మాల్టా ముసలాయన ఒకాయన ఇంజిన్ చూసుకునేవాడు. ఆ ఓడ సాయంత్రం వెళ్లిపోతుందనగా ఆయన్ని బతిమాలి టోవా పాయో పేటలో తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకొచ్చాను. ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకుని, ముందు కడుపునిండా తినిపించాం.

తర్వాత ఆమె ఇలా అనొచ్చా అని అడుగుతూ మాల్టా భాషలో ఒక్కో వాక్యం చదివింది. తప్పని తనకు తెలిసినవీ మధ్యలో కలిపింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

“గుడ్. వెరీ గుడ్.”

ఆమె మొహం పాలిపోయింది. “సిన్నాన్నా, అన్నీ బాగున్నాయంటన్నాడు. ఇలగయితే నా పని అయిపోయినట్టే.”

“మన కూడు తిన్నాడు కదమ్మా. నీ మొకం మీద తప్పని ఎలగంటాడు?”

“మరేటి సెయ్యాల?”

ఆయన వాచీ చూసుకున్నాడు. నేను ఆమె పక్కకి జరిగాను.

“ఆ మాటలు నా సెవిలో సెప్పు. నేనంటాను. అయిదో తరగతి దాటనోణ్ణి, నా దగ్గర మొగమాటమేటి?”

నాకు మీ భాష నేర్పండని వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన్ని అడిగాను. ఆయన నిటారుగా కూర్చున్నాడు. మొదటి వాక్యం తోక లేకుండా అన్నాను.

“నో, నో!” బల్ల మీద చరిచాడు. తోక పెట్టి తనే అని చూపించాడు.

పక్క బల్ల దగ్గర చైనా ఆంటీ, మాస్టారు భలే కోపిష్టని నవ్వింది. “టీచర్ సో ఫియర్స్ లా!”

నా భయం వేరు. ఆమె చెప్పిన తప్పు ఒక్కటే నా నోట రావాలి. ఇంకోటి కలిస్తే ఆయన దేనికి తిట్టాడో తెలియదు.

“ఇంకోటి సిన్నాన్నా, తొరగా!”

ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. ఆఖరిది అన్నాను. రొట్టె ముందుంది, తోక లేదు. ఆయన తిట్టలేదు. నిలబడే ఆలోచించి, ఇంగ్లీషులో చెప్పాడు.

“పిల్లాడు తిన్నది చేప అని ఎవరన్నా వాదిస్తే, కాదు, రొట్టె అని చెప్పడానికి అలా అనొచ్చు.”

తోక లేకపోయినా చెల్లే చోటు దొరికింది. ఆమె గబుక్కున లేచి, ఆ వాక్యం తనే అంది. పలకడం సరిగ్గా రాలేదు.

“నో!” అని మొహమాటం మరిచి ఆమె మీదా గట్టిగా అరిచాడు.

తిట్టు తిన్న పిల్ల కళ్లనిండా నీళ్లతో నవ్వింది. “మళ్లీ అంటాను, వినండి” అని ఆయన సంచి పట్టుకుని ఆపింది.