ఆఖరి రాయి పెట్టని పాట

నేను ఏదీ మర్చిపోను. ఎప్పుడో ఒక పెళ్లిలో నాకు చల్లారిన అన్నం వడ్డించిన తోడికోడలి గాజుల రంగు ఈరోజుకీ చెప్పగలను. అలాంటి నన్ను పట్టుకుని, పాట మర్చిపోయానన్నారు.

మా పుట్టింటివాళ్లు తరతరాలుగా గోడలు కట్టే మేస్త్రీలు. రాజుల కాలంలో ఒక కోట బురుజు ఎన్నిసార్లు కట్టినా కూలిపోతుంటే, మేస్త్రి చిన్నకోడలిని నిలబెట్టి ఆమె చుట్టూ గోడ లేపారని మాలో కథ ఉంది. ఆడవాళ్లు దాన్ని పాటగా పాడతారు. గోడ మోకాళ్ల దాకా వచ్చిందని ఆమె అత్తకు చెప్పుకుంటుంది, నడుం దాకా వచ్చిందని మామకు, గొంతు దాకా వచ్చిందని మగడికి. అక్కడ ఆపేస్తాం. ఆపైన పాడితే ఆమె మొహం ముందు ఆఖరి రాయి మనమే పెట్టినట్టు. గాలి ఆడటానికి ఆ సందు వదలాలి. పాట ఆపాక అమ్మ కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఏమని అడిగితే, "ఊపిరి వినాలె," అనేది.

మౌలాలిలో ఒక పాత రాతి గోదాములో కుర్రాళ్లు ఫెస్టివల్ పెట్టారు. పాతకాలపు భయం కథలు, పాటలు, బొమ్మలు, ముసుగులు, రెండు సాయంత్రాలు. దానికోసం మెట్టుగూడలో మా ఇంటికొచ్చి పాట అడిగారు. అమ్మ పోయాక ఆ పాట అడిగినవాళ్లు లేరు. అందుకే ఇచ్చాను. ఎక్కడ ఆపాలో కూడా చెప్పాను.

మొదటి సాయంత్రం నన్ను స్పీకరు పక్కన, కాలు ఊగే కుర్చీలో కూర్చోబెట్టారు. ఫెస్టివల్ నడిపే కుర్రాడు వచ్చి వంగి చెప్పాడు.

"ఆంటీ, ఎండింగ్ మీరు మర్చిపోయినట్టున్నరు. మావాడు రాసి ఫినిష్ చేసిండు."

"మర్చిపోలే బాబూ, ఆపినం. అది పాడొద్దు."

"క్లైమాక్స్ లేకుంటే పబ్లిక్ కూసుంటరా ఆంటీ?"

"మా అమ్మ కూసున్నది. మా నాయనమ్మ కూసున్నది. మీ పబ్లిక్‌కు ఏమైంది?"

అతను నవ్వి, నాకు టీ తెమ్మని ఎవరికో కేకేశాడు. ఆ టీ రాలేదు.

డప్పు, గిటారు, పొగ. చేతిలో మైకుతో పాడుతున్న అమ్మాయి చుట్టూ ముసుగులవాళ్లు థర్మాకోల్ రాళ్లు పేర్చుకుంటూ పోయారు. గొంతు చరణం అయిపోగానే నేను లేచాను. "ఆంటీ, కూసోండి, కనిపిస్తలేదు," అని వెనకనుంచి ఎవరో నా కొంగు లాగారు. ఆఖరి రాయి పెట్టేశారు. గోడ లోపలినుంచి కొత్త చరణం మొదలై, సగంలో దగ్గుగా మారింది. అదీ ఆటలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

రాళ్లు తీశాక ఆ అమ్మాయి జనానికి దండం కూడా పెట్టకుండా నేరుగా నా దగ్గరికొచ్చింది. మొహమంతా చెమట.

"ఆంటీ, లోపల గాలి సరిపోలే. ఇద్దరికి."

"ఇంకెవరున్నరు బిడ్డా?"

"నా వీపుకు ఆనుకొని... జల్ది జల్ది ఊపిరి పీలుస్తున్నరు."

ముందే చెప్పానుగా అని నేను అనలేదు. నా జీవితంలో ఆ మాట మింగిన సందర్భం అదొక్కటే.

"రేపు గొంతు దగ్గర ఆపు. ఆపి విను."

"వాళ్లు తిడతరు ఆంటీ."

"తిట్టనీ. ఎవరెవరు తిట్టిండ్రో నేను గుర్తువెట్టుకుంట."

ఇంటికొచ్చి వంటింటి గోడకు చెవి ఆనించాను. పక్కింటి టీవీ తప్ప ఏమీ వినిపించలేదు. అయినా చెవి తీయబుద్ధి కాలేదు.

మర్నాడు ఆమె గొంతు చరణం పాడి ఆపేసింది. ముసుగువాడు రాయి పట్టుకుని నిలబడిపోయాడు. పాట అందుకోమని డప్పు మోగింది, మళ్లీ మోగింది, ఆగిపోయింది. గోడ సందులో ఆమె మొహం కదల్లేదు. అప్పుడు నా పక్కనున్న స్పీకరులోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఎన్నాళ్లనుంచో బిగబట్టింది వదిలినట్టు, చాలా పొడుగ్గా.

"పాట ఆపంగనే నేను మైకు బంద్ చేసిన ఆంటీ," అని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

కుర్రాడు మాత్రం వేదిక మీదికి పరుగెత్తి, "సారీ ఫ్రెండ్స్, మా సింగర్ లాస్ట్ లైన్స్ మర్చిపోయింది," అని ప్రకటించాడు.

అతను ఇంతవరకు మా ఇద్దరిలో ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఆ అమ్మాయి అప్పుడప్పుడు మెట్టుగూడ వస్తుంది. గొంతు చరణం దాకా పాడి, ఆపి, ఇద్దరం వంటింటి గోడవైపు తిరిగి కూర్చుంటాం.